కారు చక్రములకు పట్టు ఇనుప మసి

కారు ఒకప్పుడు జమీందారుల లోగిళ్లలోను, పేరుపడిన డాక్టరుల యిండ్లలోను మాత్రమే కానవచ్చెడి వస్తువు. నేడు సామాన్య గృహస్థుల వాకిళ్ల ముందును నిలిచియున్నది. నడుపువారు ఎవరైనను, దానిని కడిగించుట, కడుగు కుఱ్ఱవాడు రానినాడు తామే కడుగుట తఱచుగా గృహిణుల పాలనే పడుచున్నది. పైభాగము కడుగుట కష్టము కాదు. బకెట్టెడు నీళ్లు, ఒక మెత్తని గుడ్డ చాలును. అద్దములును అంతియే. చక్రముల యొద్దకు వచ్చునప్పటికి మాత్రము చేయి ఆగిపోవును. వెండివలె మెఱయవలసిన అల్లాయ్ చక్రము కట్టెలపొయ్యి మీది గిన్నె యడుగువలె నల్లబడి యుండును. ఎంత నీరు పోసినను, ఎంత సబ్బు రుద్దినను కొంత పోయి కొంత నిలిచిపోవును. నిలిచినదానిని వ్రేలితో తడిమినచో గరుకుకాగితమువలె తగులును.

అప్పుడు మనకు అలవాటైన అంట్ల విద్య గుర్తునకు వచ్చును. చింతపండు, నిమ్మచెక్క, బూడిద, స్టీలు పీచు, చాకలి సోడా, ఇవేవియు చాలకున్న స్నానపు గదిని కడుగు యాసిడ్. ఇత్తడి బిందెను బంగారు బిందెవలె చేయు నీ విద్య ఈ చక్రము విషయమున ఏల పనికిరాదో, ఏది పనికివచ్చునో సోదరీమణులకు తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇందు చక్రపు సొగసు ఒక్కటే కాదు, కడుగువారి చేతులును, ఇంటివారి ఊపిరియు, ఒక్కొక్కప్పుడు ప్రయాణము చేయువారి ప్రాణములును ఇమిడియున్నవి.

ముందుగా ఈ నలుపు ఎక్కడిదో చూడవలెను. ఇది బాటమీది దుమ్మే యైనచో తలుపులకును చక్రములకును ఒకే రీతిగా పట్టవలెను గదా! అట్లు పట్టదు. చక్రపు లోపలివైపున పోతయినుముతో చేసిన పళ్లెమువంటి డిస్కు ఒకటి చక్రముతోపాటు తిరుగుచుండును. కాలితో బ్రేకు తొక్కగానే రెండు ప్యాడ్లు దానిని ఇరుప్రక్కలనుండి, పట్టకారు గిన్నె యంచును పట్టినట్లు, గట్టిగా పట్టును. ఆ రాపిడిలో కారు వేగమంతయు వేడిగా మాఱును. తిరుమల కొండ దిగునప్పటివంటి వాలుదారిలో మాటిమాటికి బ్రేకు తొక్కినయెడల డిస్కు వేడి కొన్ని వందల డిగ్రీలకు చేరగలదు. ఆ రాపిడిలో ప్యాడును అరుగును, డిస్కును అరుగును. ప్యాడులో ఉక్కుతీగల నలుసులు, గ్రాఫైటు, ఖనిజముల పొడులు, వీని నన్నిటిని కలిపిపట్టు రెజిన్ అను జిగురు ఉండును. డిస్కు సరే, ఇనుమే. ఈ రెండింటి అరుగుదలనుండి పుట్టిన పొడియే మన చక్రముపై పడు నలుపు. అందు ఎక్కువ పాలు ఇనుమే. కావుననే దీనిని దుమ్ము అనక ఇనుప మసి యని నేననుచున్నాను.

ఈ మసి పుట్టునప్పుడే వేడిగా పుట్టును. వేడిమీద చక్రపు వార్నీషుపై పడి అంటుకొనును. అటుపిమ్మట వానయో మంచో తగిలి, ఆ యినుప నలుసులు తుప్పుపట్టి, వార్నీషు పొరలో వేళ్లు తన్నును. తడిచీరను ఇనుప మేకుకు తగిలించినప్పుడు పడిన తుప్పుమరక ఎన్ని ఉతుకులకు పోవును? ఒక్కదానికిని పోదు. మరక మురికి కాదు గనుక సబ్బునకు లొంగదు. చక్రము కథయు ఇంతియే. మొదటి వారమున ఇది పైన కూర్చున్న పొడి, నీటితో పోవును. మూడు నెలలకు ఇది తుప్పు, సబ్బుతో పోదు. ఈ భేద మొక్కటి మనసున పెట్టుకొనినచో తక్కిన పని యంతయు సుళువగును.

ఇక చక్రము సంగతి. ఇది మనము సత్తుగిన్నెలని పిలుచు పాత్రల జాతిదే. అల్యూమినియమునకు నూటికి ఏడు పాళ్ల వఱకు సిలికాను, కొలదిగా మెగ్నీషియము చేర్చి పోతపోసిన మిశ్రలోహము చాల చక్రములకు వాడుదురు. ఫ్రాన్సు దేశమున 1924లో బుగాటీ వారు లియోన్ నగరపు పందెమునకు తెచ్చిన కార్లకు ఇట్టి పోత అల్యూమినియపు చక్రములుండినవి. బరువు తక్కువయగుటయు, బ్రేకు వేడిని త్వరగా చల్లార్చుటయు దాని గుణములు. నేటి చక్రములలో లోహముపై రంగును, రంగుపై అద్దమువంటి వార్నీషును పూయుదురు. కడుగునప్పుడు మన చేయి తగులునది ఆ వార్నీషుకే గాని లోహమునకు కాదు. వార్నీషు బ్రతికియున్నంత కాలము చక్రము బ్రతికియుండును.

ఈ సందర్భమున ఒక ముచ్చట చెప్పకుండ ఉండలేను. యుద్ధభూమిలో దశరథుని రథపు శీల యూడినప్పుడు కైక తన వ్రేలినే శీలగా నుంచి రథము నిలిపెనని మన పెద్దలు చెప్పుదురు. అది పురాణము. ఇది చరిత్రము: జర్మనీ దేశమున 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అను నామె, భర్త చేసిన మోటారు బండిని ఆయనకు చెప్పకుండనే తీసికొని, ఇద్దఱు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమునకు, నూఱు కిలోమీటర్లకు పైబడిన దారి పోయెను. చమురు గొట్టము పూడుకొనినప్పుడు టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసికొనెను. దిగుడు దారులలో బ్రేకు కొయ్యదిమ్మెలు అరిగిపోగా, దారిలో ఒక చర్మకారునిచేత వానికి తోలు కొట్టించెను. నేటి బ్రేకు ప్యాడులకు ఆ తోలుముక్కలే పూర్వులని చెప్పుదురు. మోటారు విద్య ఆడువారికేల యనువారికి ఈ కథ చెప్పవచ్చును. ఆమె చక్రములపై పడినది తోలుపొడి మాత్రమే, కడిగిన పోయియుండును.

చక్రమును కడుగుటకు పూర్వము దానిని ఒక్క నిమిషము చూడుడు. ఇది అన్నిటికంటె ముఖ్యమని నా తలంపు. కడిగిన తరువాత గుర్తులన్నియు పోవును. బ్రేకు వేయునప్పుడు కారు బరువు ముందునకు తూగును, కనుక ముందు బ్రేకులకే పని హెచ్చు. ముందు చక్రములు రెండును వెనుకవానికంటె నల్లగా నుండుట సహజము. మన చిన్న కార్లు పెక్కింటికి వెనుక డిస్కు లుండవు. డోలువంటి డ్రమ్ము బ్రేకు లుండును, వాని పొడి చాల వఱకు డ్రమ్ములోనే నిలిచిపోవును. ఇందు భయపడవలసిన దేమియు లేదు. కాని ముందు చక్రములలోనే ఒకటి తెల్లగా, రెండవది కాటుకవలె నుండినచో మాత్రము ఊరకుండరాదు. నల్లని వైపున ప్యాడును నొక్కు క్యాలిపరు బిగిసిపోయి, కాలు తీసినను బ్రేకు వదలకుండ రాచుకొనుచుండవచ్చును. లేక తెల్లని వైపున బ్రేకు అసలు పట్టకనే యుండవచ్చును. రెండును ప్రమాదములే. కారు ఇల్లు చేరగానే చేతి వెనుకభాగమును చక్రమునకు జానెడు దూరమున, తాకకుండ, పెట్టి చూచినచో, బిగిసిన చక్రము తక్కినవానికంటె ఎంతో వేడిగా తెలియును. చక్రపు లోపలి అంచున నూనెవంటి తడి కనిపించినను, పొడి తడిసి ముద్దకట్టినను, బ్రేకు ద్రవము గాని గ్రీజు గాని కారుచున్నదన్నమాట. బ్రేకు తొక్కినప్పుడెల్ల కీచుమను చప్పుడును, అకస్మాత్తుగా పెరిగిన మసియును కలిసి వచ్చినచో ప్యాడులు అరిగి అడుగు రేకు తగులుచున్నదేమో చూపించవలెను. ఇట్టి సందర్భములలో కడుగుట తరువాత, మెకానిక్కు ముందు. ఈ మాట ఇంటి మగవారికి చెప్పి, వారు చూతములెమ్మన్నను, విడువక చూపించుడు.

ఇప్పుడు చేయరానివి. చింతపండును నిమ్మకాయయు ఇత్తడికి, రాగికి మేలు చేయును. కాని సత్తుగిన్నెలో పులుసు కాచి రాత్రియంతయు నుంచినచో గిన్నెకు ఏమగునో మనకు తెలియనిది కాదు. అదే గిన్నెను చాకలి సోడాతో తోమినచో నల్లబడును. ఆమ్లమునకును లొంగక, క్షారమునకును లొంగక నిలుచు శక్తి అల్యూమినియమునకు లేదు. వార్నీషు ఎక్కడనైన బీటవారి యున్నచో పులుసు ఆ సందున దూరి లోహమును తినును. కొన్నాళ్లకు వార్నీషు క్రింద తెల్లని పురుగు ప్రాకినట్లు గీతలు కనబడును. అవి ఎంత కడిగినను పోవు, చక్రమును చెక్కించి మరల రంగు వేయించవలసినదే. మా వీధిలో ఒకరు పండుగకు ముందు స్నానపు గది యాసిడ్‌తో నాలుగు చక్రములును కడిగించిరి. గంటలో మసి పోయినమాట నిజమే. మసితోపాటు మెఱుపును పోయి, చక్రములు సున్నపు బొట్లు చల్లినట్లయినవి. ఆ యాసిడ్ పొగ డిస్కులకును మేకులకును తుప్పు పట్టించినది.

బూడిదయు ఇసుకయు వార్నీషును గీరును. స్టీలు పీచు సంగతి మఱియు విడ్డూరము. ఇనుమును తీయుటకు ఇనుమునే రుద్దినచో, పీచు విఱిగిన తునకలు గీతలలో చిక్కుకొని అవియును తుప్పుపట్టును. పాత మసి పోయి క్రొత్త మసి వచ్చును.

ఇంకొకటి. అంగడిలో అమ్ము కొన్ని చక్రపు మందులలో హైడ్రోఫ్లోరికామ్లము గాని, అమ్మోనియం బైఫ్లోరైడు అను దాని లవణము గాని కలిసియుండును. ఇవి సామాన్యమైన ఆమ్లములు కావు. పలుచగా నున్నప్పుడు చర్మముపై పడినను వెంటనే మంట తెలియకపోవచ్చును. గంటల తరువాత నొప్పి బయలుదేరును. అప్పటికి అది చర్మము దాటి లోపలికి పోయి ఒంటిలోని కాల్షియమును పట్టివేయుచుండును. ఎక్కువైనచో గుండె లయయే తప్పును. సీసాపై ఈ పేర్లున్నచో ఎంత చవకకు వచ్చినను కొనరాదు. ఇట్టి మందు ఎవరిపైనైన పడినచో ధారగా నీరు పోసి కడిగి, మంట లేదని ఉపేక్షింపక, సీసాను కూడ వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోవలెను. దీనికి కాల్షియం గ్లూకోనేటు అను మందు కలదు. ఎంత త్వరగా పడిన అంత మేలు. సీసాపై ఏమియు వ్రాయనిదైనచో అది మఱియు భయంకరము.

సరియైన పద్ధతి ఇట్లు. కారు నీడలో నుండవలెను, చక్రములు పూర్తిగా చల్లారవలెను. వేడి చక్రముపై మందు క్షణములో ఎండి మరకలు కట్టును. కాలిన డిస్కుపై చన్నీరు గుమ్మరించుటయు మంచిది కాదు. కారంతటిలో చక్రములనే మొదట కడుగుడు, లేనిచో కడిగిన తలుపులపై మసినీరు చిందును. ఒక చక్రము పూర్తియైన తరువాతనే రెండవది మొదలుపెట్టుడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనుడు. మొదట నీటిధారతో లోపల, బయట, కడ్డీల సందులలో, వదులైన పొడి యంతయు పోవువఱకు తడపవలెను. తరువాత బకెట్టు నీటిలో రెండు మూతల కారు షాంపూ కలిపి, మెత్తని వెండ్రుకల కుంచెతో కడ్డీల వెనుకవైపునుండి ముందువైపునకు రుద్దవలెను. లోపలివైపే హెచ్చు మసి కలది, కంటికి కనబడదని విడుచుట వాడుక. మేకుల గుంటలకు పాత పండ్లకుంచె చాలును. మరల నీరు పోసి చూచినచో, నెలకు రెండుమారులైన కడుగు చక్రము ఇంతటితోనే శుభ్రపడును.

దీనికి లొంగని మసికి ఇనుము కరగించు ద్రావకము వాడవలెను. అంగళ్లలో ఐరన్ రిమూవర్ అని అడిగిన ఇత్తురు. ఆమ్లము కాని, క్షారము కాని లేని రకమని సీసాపై చూచికొనుడు. ఇందు పనిచేయునది థయోగ్లైకొలేటు అను లవణము. ఇది ఇనుముతో కలిసి దానిని నీటిలో కరగు వస్తువుగా చేయును. చక్రముపై చల్లిన ఒకటి రెండు నిమిషములకు తెల్లని ద్రావకము ఊదారంగుగా మాఱి, నేరేడుపండు రసమువలె ధారలు కట్టి కారును. మొదటిసారి చూచినవారు చక్రపు రంగే కరగుచున్నదని గాబరాపడుదురు. కరగునది రంగు కాదు, ఇనుము. ఎచ్చట ఊదారంగు లేదో అచ్చట ఇనుము లేదు, కావున ఈ రంగే మనకు సాక్షి. అక్కడక్కడ రంగు మాఱని నల్లచుక్కలు మిగిలినచో అవి బాటమీది తారు. దానికి తారు తీయు ద్రావకమును గుడ్డపై అద్ది తుడువవలెను.

ఈ మందునకు కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన కలదు. వెండ్రుకలు రాల్చు క్రీములు వాడిన సోదరీమణులు ఈ వాసనను ఇట్టే పోల్చుకొందురు. రెండింటను ఉన్నది ఒకే జాతి వస్తువు. వెండ్రుకను కరగించునది చర్మమునకు హితము కాదు గనుకనే తొడుగులు వేసికొనుడంటిని. నాలుగైదు నిమిషముల కంటె ఉంచరాదు, ఎండనీయరాదు. కుంచెతో ఒకమారు కదిపి, ధారాళముగా నీరు పోసి కడుగవలెను. ఏండ్ల తరబడి కడుగని చక్రమునకు రెండవమారు చల్లవలసి వచ్చును. ఒకేమారు గంటసేపు ఉంచుటకంటె రెండుమార్లు కొలదికొలదిగా ఉంచుట మేలు.

అప్పటికిని వ్రేలికి గరుకు తగిలినచో క్లే బారు అను జిగటమట్టి ముద్ద దొరకును. పిల్లలు బొమ్మలు చేయు ముద్దవలె మెత్తగా నుండును. చక్రమును సబ్బునీటితో బాగుగా తడిపి, ఆ ముద్దను బలము పెట్టక జార్చినచో దిగబడిన నలుసులను లాగుకొనును. ముద్ద మాటిమాటికి మడవవలెను. చేయి జారి నేలపై పడినచో దానిపై ఆశ వదలుకొనుడు, అంటుకొనిన ఇసుక గీతలు పెట్టును.

కడిగినంతట పని కాలేదు. బ్రేకులు తడిసియున్నవి. ఆ తడితోనే వీధిలోనికి పోయి ఎదుట ఎవరైన అడ్డము వచ్చినప్పుడు తొక్కినచో మొదటిసారి పట్టు తగ్గును. కావున నడుపువారు నాలుగడుగులు మెల్లగా పోనిచ్చి, రెండు మూడుమార్లు బ్రేకు మృదువుగా తొక్కి డిస్కును ఆరబెట్టవలెను. డిస్కుపై తెల్లవారునప్పటికి ఎఱ్ఱని తుప్పుపూత కనబడిన బెదరకుడు, మొదటి బ్రేకులకే అది పోవును. చక్రమును మెత్తని గుడ్డతో తుడిచి ఆరిన తరువాత పలుచగా మైనము పూసినచో వచ్చు నెల మసి నీటికే జారిపోవును. కాని మైనము గాని, కొబ్బరినూనె గాని, టైర్లకు మెఱుపు తెచ్చు నూనె గాని డిస్కుపై ఒక్క బొట్టు పడరాదు, టైరు నేలకు తగులు భాగమున అసలే పూయరాదు. మెఱుపు కొఱకు బ్రేకునకు నూనె పెట్టుట కంటె తెలివితక్కువ వేఱొకటి లేదు.

ఊపిరి మాట. ఈ మసిలో చాల భాగము తలవెండ్రుక మందములో ఆఱవవంతు కంటెను సన్నని నలుసులు. పొడి గుడ్డతో దులిపినను, గాలి గొట్టముతో ఊదినను, అవి నేలపై పడక గాలిలో నిలిచి ముక్కున పోవును. వెనుకటి కాలమున ప్యాడులలో ఆస్బెస్టాసు నారను కలిపెడివారు. ఆ నార ఊపిరితిత్తులకు కలిగించు కీడు తెలిసిన తరువాత ఐరోపా సమితి దేశములు 2005 నాటికి దానిని మానిపించినవి. అమెరికాలో 2024లో నిషేధపు టుత్తరువు వచ్చినది. ప్యాడులు మార్పించునప్పుడు ఆస్బెస్టాసు లేనిదని వ్రాసియున్న పొట్లమునే కోరి తెప్పింపవలెను. మెకానిక్కు డ్రమ్ము విప్పి గాలితో ఊదబోవునప్పుడు, తడిగుడ్డతో తుడువుమని చెప్పుటకు సంకోచింపకుడు. పిల్లలను ఆ దరి నుంచకుడు. అతని ఊపిరియు మన ఊపిరివంటిదే.

ఐరోపావారు 2024లో చేసిన శాసనమున బ్రేకుపొడికి మొదటిసారిగా హద్దు కట్టిరి. మామూలు పెట్రోలు కార్లు పెక్కింటికి కిలోమీటరునకు 7 మిల్లీగ్రాములు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగు కారు ఆ హద్దులోనే నడచినను 70 గ్రాముల సన్నపొడి రాల్చునన్నమాట. ప్యాడులలో రాగియు కలియుట కలదు. వానకు అది కొట్టుకొనిపోయి ఏళ్లలోని చేపలకు చేటగుచున్నదని కాలిఫోర్నియావారు 2010లో చట్టము చేసి, 2025 నుండి రాగిని నూటికి అరపాలు మించరాదనిరి. కావున ఈ కడిగిన నీటిని తులసికోట మొదటను, కూరపాదులలోను, బావిగట్టునను పోయకుడు. కడుగుట మురుగుకాలువ చేరువ నుంచుకొనుడు, వీలైన సర్వీసింగు షెడ్డులో చేయించుడు.

మసి తక్కువ రావలెనన్నచో ప్యాడులు మార్చునప్పుడు సెరామిక్ రకము గలదేమో అడుగవచ్చును. వాని పొడి తక్కువ, రంగును పాలిపోయి యుండును, వెల హెచ్చు. విద్యుత్తు కార్లు వేగము తగ్గునప్పుడు మోటారుతోనే చాల వఱకు ఆపుకొనును గనుక వాని చక్రములు నల్లబడుట తక్కువ. అన్నిటికంటె చవకైన ఉపాయము, దూరమునుండియే కాలు తీసి మెల్లగా ఆపు నడుపరిని కలిగియుండుట. చక్రములకు వాడిన కుంచెను, గుడ్డను, బకెట్టును వేఱుగా గుర్తుపెట్టి ఉంచుడు. ఆ గుడ్డ పొరపాటున కారు తలుపునకు గాని, ఇంటిలోని అద్దమునకు గాని పోయినచో, అందు చిక్కిన ఇనుప నలుసులు మాఱని గీతలు పెట్టును.